పందెపు గుఱ్ఱములకు మార్కులు

2013వ సంవత్సరము జనవరి మాసమున లండను నగరమునందు ఒక చిత్రమైన ప్రకటన వెలువడెను. 1986లో ఐరోపాఖండపు మేటి గుఱ్ఱముల నోడించిన డాన్సింగ్ బ్రేవ్ అను గుఱ్ఱమునకు ఆనాడు వేసిన 141 మార్కులు ఎక్కువయనియు, వానిని 138కి తగ్గించితిమనియు అధికారులు తెలిపిరి. ఆ గుఱ్ఱము అప్పటికి పదమూడేండ్ల క్రిందటనే, 1999లో, జపాను దేశమున మరణించియుండెను. అదే ప్రకటనలో ఫ్రాంకెల్ అను మఱియొక గుఱ్ఱమునకు 140 మార్కులు వేసి, అంతర్జాతీయ పట్టిక ఆరంభమైన నాటినుండి అందుకెక్కిన గుఱ్ఱములన్నిటిలో ఇదియే మిన్నయని చాటిరి.

పాత మార్కులు అట్లే నిలిచియున్నచో ఫ్రాంకెల్ రెండవ స్థానముతో తృప్తిపడవలసియుండెడిది. చనిపోయినదానికి మూడు తగ్గించుటచేత బ్రతికియున్నది మొదటిదైనది. మన పాఠశాలలో ఇరువదియైదేండ్ల క్రిందట ప్రథముడుగా ఉత్తీర్ణుడైన విద్యార్థి యొకడు కలడనుకొందము. నేడు అతని మార్కుల పట్టికను వెదకి తీసి, “ఆ కాలపు పరీక్షాధికారులు చేయి జార్చి దిద్దిరి, కావున మీ మార్కులలో కొన్ని తీసివేయుచున్నాము, ఈ యేటి బాలుడే పాఠశాల చరిత్రలో మొదటివాడు” అని ప్రకటించినచో ఆ పెద్దమనిషి యేమనును? ఆయన సహాధ్యాయు లేమందురు? పందెముల లోకమున ఆనాడు చెలరేగిన వివాదము ఇట్టిదే. ఇందు న్యాయమెంత యని తేల్చవలెనన్న, అసలు గుఱ్ఱములకు మార్కులెట్లు వేయుదురో ముందుగా తెలిసికొనవలెను. పందెములపై పైకమొడ్డి చెడినవారి కథలు మనకు క్రొత్తవి కావు. వాని జోలికి మేము పోవుటలేదు. ఇచట మాకు కావలసినది లెక్క.

ఈ మార్కులు వేయు అధికారిని ఆంగ్లేయులు హ్యాండికాపరు అందురు. ఆ మాట పుట్టుక వినోదముగా నుండును. పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులో ఇద్దరు తమ వస్తువులను మార్పిడి చేసికొనదలచినపుడు, ఏది తక్కువ విలువగలదో, దానిపై ఎంత పైకము కలిపి ఈయవలెనో మూడవ మనుష్యుడు తీర్పు చెప్పెడివాడు. ఇద్దరును ఒక టోపీలో చేయి పెట్టి తీయుచు, ఆ తీర్పు తమకు సమ్మతమో కాదో తెలిపెడివారు. ‘టోపీలో చేయి’ అను అర్థముగల ఆ యాట పేరే తరువాత గుఱ్ఱపు పందెములకు సంక్రమించినది. తక్కువదానికి కొంత కలిపి రెంటిని సమానము చేయుట అందలి సారము. గుఱ్ఱముల విషయమున బలహీనమైనదానికి బలమును కలుపుట ఎవరితరము? కావున బలమైనదానిపై బరువును కలుపుదురు.

పందెమునకు ముందు జాకీ తన జీనుతో సహా త్రాసు నెక్కును. నిర్ణయించిన బరువునకు తక్కువైనచో, జీనుక్రింది గుడ్డకు కుట్టిన అరలలో సీసపు బిళ్ళలు పెట్టుదురు. పందెము ముగిసిన పిమ్మట మరల తూచుదురు. నడుమ ఎవరును బిళ్ళను జారవిడువకుండుటకు ఈ జాగ్రత్త. మార్కు అనునది నిజమునకు పౌనులలో చెప్పిన బరువే. పౌను అనగా మన 450 గ్రాములకు కొంచెము పైమాట. 100 మార్కుల గుఱ్ఱమును 90 మార్కుల గుఱ్ఱమును ఒకే పందెమున దిగినచో మొదటిది రెండవదానికంటె 10 పౌనులు ఎక్కువ మోయవలెను. అధికారి లెక్క తప్పనిచో రెండును ఒక్కసారిగా గీత దాటవలెను. గుఱ్ఱములన్నియు ఒకే వరుసలో గీత దాటుటయే హ్యాండికాపరు కనెడి కల. హైదరాబాదున మలకుపేటలోను, మైసూరులోను జరుగు పందెములలో కూడ పెక్కింటికి ఈ పద్ధతియే ఆధారము. అచట లెక్క కిలోగ్రాములలో జరుగును, అంతియే భేదము.

ఈ విద్యకు ఒక శాస్త్రపు రూపము నిచ్చినవాడు అడ్మిరల్ హెన్రీ జాన్ రౌస్. ఆయన 1795లో జన్మించి 1877లో గతించెను. తొలుత నావికుడు. 1835లో లాబ్రడార్ తీరమున రాతికి తగిలి చుక్కాని పోయిన పైక్ అను యుద్ధనౌకను అట్లే అట్లాంటికు సముద్రము దాటించి ఇంటికి చేర్చిన ఘనుడు. చుక్కాని లేని యోడను నడిపినవానికి గుఱ్ఱముల బరువులు నిర్ణయించుట కష్టమనిపించలేదు కాబోలు. 1855 నుండి ఆయన పందెములకు అధికార హ్యాండికాపరుగా పనిచేసెను. ఆయన చేసిన ముఖ్యమైన పని వయస్సును లెక్కలోనికి తెచ్చుట. మూడేండ్ల గుఱ్ఱము ఇంకను ఎదుగుచున్నది. నాలుగైదేండ్లదానితో అది సమానమైన బరువు మోయుట న్యాయము కాదు. ఏ మాసమున, ఎంత దూరమునకు, ఏ వయస్సుదానికి ఎంత తగ్గింపవలెనో ఆయన పట్టిక కట్టెను. సవరణలతో ఆ పట్టిక నేటికిని వాడుకలో నున్నది.

అధికారపదవికి రాకమునుపే ఆయన తీర్పునకు ఒక గొప్ప పరీక్ష జరిగెను. 1850లో డాన్‌కాస్టరు నగరమున వోల్టిజర్ అను మూడేండ్ల గుఱ్ఱము, అంతవరకు ఓటమి నెఱుగని ఫ్లయింగ్ డచ్‌మన్ అను నాలుగేండ్ల గుఱ్ఱమును ఓడించెను. రెంటిలో నిజమైన మేటి యేది యని దేశమంతయు వాదులాడుకొనెను. మఱుసటి యేడు మే మాసమున యార్కు నగరమున ఆ రెంటికే ప్రత్యేకముగా రెండు మైళ్ళ పందెము ఏర్పాటు చేసి, బరువులు నిర్ణయింపుమని రౌసును కోరిరి. పెద్దది చిన్నదానికంటె ఎనిమిదిన్నర పౌనులు ఎక్కువ మోయవలెనని ఆయన తీర్పు. పెద్దది సుమారొక గుఱ్ఱపు నిడివితో గెలిచెను. రెండు మైళ్ళు పరుగెత్తిన పిమ్మట మిగిలిన యెడము అంతమాత్రమేయనగా తీర్పు ఎంత దగ్గరగా తగిలెనో ఊహింపవచ్చును.

ఇక మార్కులు వేయు పద్ధతి. పందెమున ఒకటి మఱియొకదానిని ఎన్ని నిడివుల దూరమున వెనుక విడిచినదో దానిని పౌనులలోనికి మార్చుదురు. ఇంగ్లండులో ఐదు ఫర్లాంగుల పందెమున ఒక నిడివికి సుమారు 3 పౌనులు. ఒక మైలునకు 2. ఒకటిన్నర మైలునకు ఒకటిన్నర. దూరము పెరిగినకొలది ప్రతి పౌనును గుఱ్ఱమును మఱింత వెనుకకు లాగును గనుక నిడివి వెల తగ్గును.

ఇంతవరకు కూడికలు తీసివేతలు వచ్చిన ప్రతి విద్యార్థియు హ్యాండికాపరు కావచ్చును. చిక్కు ఇక మీదట వచ్చును. ఒక మైలు పందెమున మూడు గుఱ్ఱములు సమానమైన బరువుతో పరుగెత్తినవనుకొందము. తెల్లది గెలిచినది, మూడు నిడివుల వెనుక నల్లది, దానికి రెండు నిడివుల వెనుక ఎఱ్ఱది. తెల్లదానికి ఇది తొలి పందెము. నల్లదానికి పూర్వము 110 మార్కులు, ఎఱ్ఱదానికి 100. నల్లది తన శక్తికి తగినట్లు పరుగెత్తినదన్నచో తెల్లదానికి 6 కలిపి 116 ఈయవలెను. అప్పుడు ఎఱ్ఱది 106కు పెరిగినదని ఒప్పుకొనవలెను. కాదు, ఎఱ్ఱదియే తన నిలుకడను చూపినదన్నచో నల్లది ఆ దినమున 104 మాత్రమే పరుగెత్తినట్లు, తెల్లదానికి 110 మాత్రమే దక్కును. పందెమొకటే, ఫలితమొకటే, కాలమొకటే. మార్కులు మాత్రము రెండు విధములు. ఏది నిజము? నేల తడిగా నుండెనా, ఆరంభమున ఏదైన వెనుకబడెనా, ముందున్నది మెల్లగా నడిపించి చివర ఉఱికినదా, ఇవన్నియు విచారించి అధికారి ఒక గుఱ్ఱమును కొలబద్దగా ఎన్నుకొనును. ఆ యెన్నిక లెక్క కాదు, తీర్పు. గెలిచినదాని ఘనత ఓడినదాని నిలుకడపై ఆధారపడియుండుట ఈ విద్యలోని విచిత్రము.

సామాన్యపు గుఱ్ఱముల విషయమున ఈ తీర్పు తప్పైనను నష్టము స్వల్పము. ఇంగ్లండులో మార్కులను వారము వారము సవరించుదురు. 116 ఎక్కువైనచో తెల్లది ఆ బరువుతో రెండు మూడు పందెములలో ఓడును, అధికారి తగ్గించును. తక్కువైనచో సులభముగా గెలుచును; అధికారి పెంచును. నేటి తప్పును రేపటి పందెము దిద్దును.

మిక్కిలి గొప్ప గుఱ్ఱము వచ్చినపుడు మాత్రము ఈ త్రాసు ఇరుకున పడును. ఆస్ట్రేలియా దేశపు మెల్‌బోర్ను కప్పు పందెము హ్యాండికాపే. 1930లో ఫార్ ల్యాప్ అను గుఱ్ఱము 138 పౌనులు మోసి దానిని గెలిచెను. మఱుసటి యేడు దానిపై 150 పౌనులు, అనగా 68 కిలోగ్రాములు, వేసిరి. గెలిచిన వైట్ నోస్ మోసినది 96 పౌనులు. ఫార్ ల్యాప్ ఎనిమిదవదిగా వచ్చెను. అధికారి తన ధర్మమునే నెరవేర్చెను. చూడవచ్చినవారు మాత్రము ఒక వీరుని చేతులు కట్టి కుస్తీకి దింపినట్లు బాధపడియుందురు. ఐర్లండులో ఆర్కిల్ అను గుఱ్ఱము కాలమున దీనికి విరుద్ధమైన చిక్కు వచ్చెను. అది కంచెలు దుముకు పందెములలో ఎదురులేనిది. దానికి తగిన బరువు దానిపై వేసినచో, మిగిలినవన్నియు అందఱికిని నియమించిన కనిష్ఠపు బరువు వద్దకే దిగి, వానిలో వానికి గల తారతమ్యము తుడిచిపెట్టుకొనిపోవును. కావున 1964 నాటి ఐరిష్ గ్రాండ్ నేషనల్ పందెమునకు అధికారులు రెండు పట్టికలు వ్రాసిరి. ఆర్కిల్ పరుగెత్తినచో ఒకటి, పరుగెత్తనిచో మఱియొకటి. ఆర్కిల్ పరుగెత్తెను. రెండవదానికంటె 30 పౌనులు ఎక్కువ మోసి, స్వల్పమైన యెడముతో గెలిచెను. ఒక్క జంతువు నిమిత్తము నియమమునే మార్చుటకంటె గొప్ప మార్కు వేఱొకటి ఉండునా?

డాన్సింగ్ బ్రేవ్, ఫ్రాంకెల్ వంటివాని సంగతి వేఱు. అవి పాల్గొను పెద్ద పందెములలో వయస్సును, ఆడ మగ భేదమును బట్టి తప్ప బరువులలో భేదముండదు. అచట మార్కు మోయవలసిన బరువు కాదు, పొందవలసిన బిరుదు. అయినను వట్టి బిరుదు కాదు. మేటి గుఱ్ఱము మూడు నాలుగేండ్ల వయస్సుననే పందెములనుండి విరమించి సంతానమునకై ఉంచబడును. దాని పేరు ప్రతిష్ఠలను బట్టి దాని పిల్లల వెల యుండును. ఈ బిరుదులను దేశదేశముల అధికారులు కలిసి నిర్ణయించుట 1977లో మొదలయ్యెను. బ్రిటను, ఐర్లండు, ఫ్రాన్సు దేశములవారు ఆ సంవత్సరమున ఉమ్మడి పట్టికను ఆరంభించిరి. పిమ్మట అది ప్రపంచమంతటికిని వ్యాపించెను.

ఫ్రాంకెల్ పదునాలుగు పందెములలో పరుగెత్తి పదునాలుగును గెలిచినది. 2012 జూను మాసమున యాస్కటు మైదానమున క్వీన్ యాన్ స్టేక్స్ అను మైలు పందెమున అది 11 నిడివుల యెడముతో గెలిచెను. రెండవది ఎక్సెలబ్రేషన్. అదియు సామాన్యము కాదు. ఫ్రాంకెల్‌తో ఐదుసార్లు తలపడి ఐదుసార్లును ఓడినను, ఫ్రాంకెల్ లేనిచోట ఫ్రాన్సులోను ఇంగ్లండులోను అత్యున్నత శ్రేణి మైలు పందెములను గెలిచినది. పాపము, ఒక్క యేడు ముందు పుట్టినచో దాని పేరే మారుమ్రోగియుండెడిది. ఇప్పుడు లెక్క చూడుడు. 11 నిడివులు, నిడివికి 2 పౌనుల చొప్పున 22. ఫ్రాంకెల్‌కు 140 అన్నచో ఎక్సెలబ్రేషన్ ఆ దినమున 118 మాత్రమే పరుగెత్తినట్లు. దాని సహజశక్తి అంతకంటె హెచ్చు. ఆ శక్తినే కొలబద్దగా తీసికొన్నచో ఫ్రాంకెల్ 140ని ఎంతో దాటిపోవును. అధికారులు ఆ పని చేయలేదు. మూడవదియైన సైడ్ గ్లాన్స్, మామూలుగా దానికంటె తక్కువ తరగతిది, ఆనాడు ఎక్సెలబ్రేషన్‌ను వెన్నంటియే వచ్చెను. దానినిబట్టి, ఫ్రాంకెల్‌ను వెంటాడి వెంటాడి ఎక్సెలబ్రేషన్ అలసి చెదరినదని తలచుట సమంజసము. ఈ జాగ్రత్తను మేము మెచ్చుకొందుము. టైమ్‌ఫారమ్ అను ప్రైవేటు సంస్థ తన స్వంత లెక్కలో ఫ్రాంకెల్‌కు 147 ఇచ్చినది. ఆ సంస్థ కొలబద్ద వేఱు గనుక ఆ యంకెను అధికారుల 140 ప్రక్కన పెట్టి పోల్చరాదు.

పాత మార్కులను తగ్గించుటకు అధికారులు చెప్పిన కారణమును గూడ న్యాయముగా వినవలెను. ప్రతి యేటి మార్కులును వెనుకటి యేటి గుఱ్ఱములతో పోల్చియే వేయబడును. వడ్రంగి ఒక కఱ్ఱను కొలబద్దతో కొలిచి కోసి, రెండవదానిని మొదటి కఱ్ఱతోను, మూడవదానిని రెండవదానితోను కొలిచి కోయుచు పోయినచో ఇరువదవ కఱ్ఱ వద్ద ఎంత తేడా వచ్చునో మనమెఱుగుదుము. మార్కులలోను అట్టి జాఱుడు కలిగినది. పట్టికలను సమీక్షింపగా, తొలి సంవత్సరములలో పై వరుస గుఱ్ఱముల మార్కులు తరువాతి సంవత్సరముల వానికంటె మొత్తముమీద హెచ్చుగా నున్నట్లు తేలెను. ఒక తరమందలి పై వరుస అంతయు మఱియొక తరముకంటె అంత మెఱుగైనదని నమ్ముటకంటె, ఆనాటి కొలబద్ద కొంచెము పొట్టిదని నమ్ముట సులభము. కావున ఎంత వెనుకటి సంవత్సరమో అంత హెచ్చుగా తగ్గించిరి. 1978లో 140 పొందిన అలెజ్డ్ 134కు, 1981లో 140 పొందిన షెర్గార్ 136కు, 1986 నాటి డాన్సింగ్ బ్రేవ్ 138కి దిగెను.

ఈ వాదమును మేము సగము అంగీకరింతుము. గుంపు విషయమున ఇది సరియే. నూఱు గుఱ్ఱముల సగటు ఏటేటికి పెద్దగా మాఱదు. కాని శిఖరమునందున్న ఒంటి గుఱ్ఱమునకు సగటుతో నిమిత్తమేమి? అలెజ్డ్ ఫ్రాన్సులోని ఆర్క్ పందెమును వరుసగా రెండేండ్లు గెలిచినది. షెర్గార్ ఇంగ్లండు డర్బీని 10 నిడివులతో గెలిచినది. 1983లో దొంగలెత్తుకొనిపోగా మరల ఎవరికిని కానరాలేదు. వీనిని కన్నులార చూచిన అధికారులు రెంటికిని 140 ఇచ్చి సమానమనిరి. ముప్పదియేండ్ల తరువాత రెంటి నడుమ రెండు పౌనుల భేదము పుట్టెను. ఆ భేదము పరుగులో కనబడినది కాదు. పరుగెత్తిన సంవత్సరమునుబట్టి వచ్చినది. ఇది మాకు ఒప్పుగా తోచుటలేదు. ‘ఆనాటి మార్కులు రెండు మూడు పౌనులు హెచ్చుగా నుండవచ్చును’ అని పట్టిక క్రింద ఒక మాట వ్రాసినచో చాలియుండెడిది.

అంతకంటె పెద్ద యాక్షేపణ యొకటి కలదు. మార్కునకు విలువ యెచటనుండి వచ్చినది? రేపటి పందెము దానిని పరీక్షించుటవలన గదా. వారము వారము సవరించు మార్కు తప్పైనచో గుఱ్ఱమే పరుగెత్తి, ‘మీ లెక్క తప్పు’ అని చెప్పగలదు. 2013లో తగ్గించిన మార్కులకు అట్టి పరీక్ష లేదు. షెర్గార్ మరల మైదానమునకు రాదు. 138 సరియో 141 సరియో చెప్పుటకు డాన్సింగ్ బ్రేవ్ లేదు. దాని పక్షమున చెప్పగలిగినది 1986 అక్టోబరులో పారిసు నగరమున అది పరుగెత్తిన ఆర్క్ పందెము మాత్రమే. ప్యాట్ ఎడరీ దానిని చివరివఱకు వెనుకనే నిలిపి, ఆఖరున బయటివైపుగా విడువగా, ముందున్న మేటులన్నిటిని దాటి బేరింగ్ అను ఫ్రెంచి గుఱ్ఱముకంటె ఒకటిన్నర నిడివి ముందుగా గీత చేరెను. అంతకుముందు ఆ యేటి డర్బీలో అది అర నిడివితో ఓడినది. ఆ తరువాత అమెరికాలోను ఓడినది. మార్కు మాత్రము అత్యుత్తమమైన పరుగునకే గనుక ఆ ఓటములు దానిని తగ్గింపలేదు.

కొందఱు అధికారులకు పక్షపాతము నంటగట్టిరి. క్రొత్త వీరునికి పీట వేయుటకే పాతవానిని దింపిరనిరి. ఒక్క సంగతి గమనింపదగినది. డాన్సింగ్ బ్రేవ్, ఫ్రాంకెల్ రెండును ఒకే యజమానివి. సౌదీ అరేబియా రాజకుటుంబీకుడైన ఖాలిద్ అబ్దుల్లా రంగుల దుస్తులనే రెంటి జాకీలును ధరించిరి. టైమ్‌ఫారమ్ సంస్థయు తన లెక్కలో డాన్సింగ్ బ్రేవ్‌కు 140 మాత్రమే ఇచ్చి, ఫ్రాంకెల్‌ను చాల పైన నిలిపినది. కావున ఫ్రాంకెల్ మిన్నయనుట వింత కాదు. ఆ మాట చెప్పుటకు అవలంబించిన మార్గమే వింత.

పిమ్మట పదేండ్లకు మఱియొక పేరు వచ్చి చేరినది. 2022లో అమెరికాకు చెందిన ఫ్లైట్‌లైన్, కాలిఫోర్నియాలోని డెల్‌మార్ మైదానమున పసిఫిక్ క్లాసిక్ పందెమును 19 నిడివులకు పైగా యెడముతో గెలిచెను. అది జీవితకాలమున పరుగెత్తినవి ఆఱే పందెములు, ఆఱును గెలిచినది. ఫ్రాంకెల్ పచ్చికపై, ఫ్లైట్‌లైన్ మట్టిపై. రెండును ఎన్నడును ఒకదాని నొకటి చూడలేదు, ఒకే ప్రత్యర్థితో పోరాడలేదు. 2023 జనవరిలో అధికారులు దానికిని 140 వేసి ఫ్రాంకెల్ సరసన కూర్చుండబెట్టిరి. ఈసారి ఎవరి మార్కులను తగ్గింపలేదు. డాన్సింగ్ బ్రేవ్ పేరు ఎదుట 1986 నాటి పుస్తకములలో 141 అనియు, నేటి పట్టికలో 138 అనియు ఉన్నది.